నీడ యంత్రంలో లేదు, ఫైలులో ఉంది

పదవీ విరమణ చేస్తున్న మాస్టారికి చెక్క పలక మీద ఆయన బొమ్మ చెక్కించి ఇవ్వాలని పాత విద్యార్థులు అనుకుంటారు. గ్రూపులో దొరికిన ఫొటో ఒకటి వాట్సాప్‌లో షాపుకి పంపుతారు. పలక చేతికొచ్చాక చూస్తే కళ్ళజోడు ఫ్రేము, చొక్కా కాలరు, కింద రాసిన పేరు చక్కగా పడ్డాయి. ముఖం మాత్రం సగం మాడిన మచ్చ, సగం బోసి చెక్క. బుగ్గ మీద నుంచి దవడ కిందికి మెల్లగా దిగాల్సిన నీడ ఎక్కడా లేదు. "మిషన్ పవర్ సరిపోలేదండి" అంటాడు షాపతను. ఇచ్చినవాళ్ళూ నమ్ముతారు. చాలాసార్లు మిషన్ తప్పేమీ ఉండదు. బొమ్మను మిషన్‌కి ఇచ్చే ముందు కంప్యూటర్‌లో జరగాల్సిన పని జరగలేదు, అంతే.

ఆ పని గురించే ఈ వ్యాసం. తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్ళలో షీల్డులు, నేమ్ ప్లేట్లు, పెళ్ళి కానుకలు చేసేవారు, డీటీపీలో చేయి తిరిగినవారు, ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు లేజర్ పని నేర్చుకోవాలనుకున్నప్పుడు ముందుగా అడిగేది "ఏ మిషన్ కొనాలి?" అని. మిషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నీడను తయారు చేయడం నేర్చుకోండి అంటాను నేను. ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద, పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టగల చదువు అది. పైగా మిషన్లు మారిపోతాయి, ఈ చదువు మారదు.

ముందు లేజర్ చేసే పని ఏమిటో చూద్దాం. షాపుల్లో ఎక్కువగా కనిపించేది కార్బన్ డయాక్సైడ్ లేజర్, అందరూ సీఓటూ అని పిలిచేది. దాన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. గాజు గొట్టంలో పుట్టే ఆ కాంతి కంటికి కనిపించదు. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. చెక్క, తోలు, అక్రిలిక్, గాజు దాన్ని బాగా పీల్చుకుంటాయి కాబట్టి వాటి మీద పని చేస్తుంది. తక్కువ ఖర్చులో ఇంట్లో పెట్టుకునేవి నీలి కాంతి డయోడ్ లేజర్లు, సుమారు 450 నానోమీటర్లవి. లోహం మీద పేర్లు, గుర్తులు వేసేందుకు ఎక్కువగా వాడేవి ఫైబర్ లేజర్లు. ఏదైనా చేసే పని ఒకటే: ఒక చిన్న చుక్క మీద వేడి పెట్టడం. సీఓటూ మిషన్లలో ఆ చుక్క వెడల్పు మామూలుగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఎక్కడ వేడి పెట్టాలో, ఎంత పెట్టాలో యంత్రానికి తెలియదు. మనం ఇచ్చిన ఫైలు చెప్పాలి.

ఫైలు రెండు రకాలుగా చెబుతుంది. ఆ రెండు రకాలూ మన పాత రాతిపనిలోనే కనిపిస్తాయి. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వినప్పుడు రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు గీతలుగా చెక్కి ఉన్నాయి. అక్కడ గీత ఉంది, లేదా లేదు. మధ్యేమార్గం లేదు. అక్కడి నుంచి కృష్ణా నది వెంట పైకి వెళ్తే అమరావతి స్తూపపు సున్నపురాతి ఫలకాల్లో శిల్పి లోతును మెల్లమెల్లగా మార్చుకుంటూ పోయాడు. అందుకే చెంప మీద వెలుగు, మెడ కింద నీడ కనిపిస్తాయి. లేజర్ సాఫ్ట్‌వేర్ కూడా ఈ రెండు పనులనూ వేరువేరుగానే చూస్తుంది. గీత వెంట నడిచే పని వెక్టర్. కోయడానికి, అంచు గీయడానికి అది పనికొస్తుంది. వరస వెంట వరసగా అటూ ఇటూ ఊడ్చుకుంటూ చుక్కలు వేసుకుపోయే పని రాస్టర్. ఫొటో చెక్కాలన్నా, నీడ దింపాలన్నా రాస్టరే దారి.

కొత్తగా వచ్చినవారు మొట్టమొదట చిక్కుపడేది ఇక్కడే. కోరెల్‌డ్రా మన ఊళ్ళలో ప్రింటింగ్ పని చేసే ప్రతివారికీ తెలుసు. అందులో ఒక తామరపువ్వు గీసి, ఫౌంటెన్ ఫిల్‌తో రేకు మొదట్లో ముదురుగా, చివర లేతగా రంగు నింపుతారు. తెర మీద అందంగా ఉంటుంది. అదే ఫైలును లేజర్ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే రంగు మొత్తం మాయమై రేకు అంచు గీత ఒక్కటే మిగులుతుంది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని కాదు. వెక్టర్ ఫైలులో గ్రేడియెంట్ అంటే "ఈ చివర నలుపు, ఆ చివర తెలుపు, మధ్యలో కలుపుకో" అనే ఒక సూచన మాత్రమే. లైట్‌బర్న్ లాంటి లేజర్ సాఫ్ట్‌వేర్ ఆ సూచనను చదవదు, గీతను చదువుతుంది. కాబట్టి గ్రేడియెంట్ ఉన్న భాగాన్ని ముందే బిట్‌మ్యాప్‌గా మార్చాలి. కోరెల్‌డ్రాలో కన్వర్ట్ టు బిట్‌మ్యాప్ అనే ఆజ్ఞ ఉంది. అందులో 8 బిట్ గ్రేస్కేల్ ఎంచుకుంటే చాలు. కోరెల్‌డ్రాకు బదులు ఇంక్‌స్కేప్ వాడేవారు ఆ భాగాన్ని పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసి తిరిగి తెచ్చుకోవాలి. రేకు అంచు గీతను మాత్రం వెక్టర్‌గానే ఉంచి, వేరే రంగు లేయర్‌లో పెట్టుకోవాలి. ముందు చెక్కడం, చివర కోయడం. ముందే కోస్తే ముక్క కదిలిపోయి నీడ పక్కకి పడుతుంది.

8 బిట్ గ్రేస్కేల్ అంటే ప్రతి చుక్కకూ 0 నుంచి 255 వరకు ఒక అంకె. 0 నిక్కమైన నలుపు, 255 తెలుపు, మధ్యలో అన్నీ బూడిద రంగులు. తెర ఈ 256 మెట్లనూ చూపించగలదు. చెక్క చూపించలేదు. మంచి లేత రంగు ప్లైవుడ్ మీద కూడా కన్ను తేడా పట్టగల మెట్లు ఆ 256లో కొద్ది వంతే. ఈ నిజాన్ని ఒప్పుకుని దాని చుట్టూ పని చేయడమే ఈ విద్యలో సగం.

నీడను చెక్క మీదికి దించడానికి రెండు దారులున్నాయి. మొదటిది పవర్‌ను మార్చడం. ముదురు చోట ఎక్కువ పవర్, లేత చోట తక్కువ. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని గ్రేస్కేల్ మోడ్ అంటారు. తెలుపుకి కనీస పవర్, నలుపుకి గరిష్ఠ పవర్ మనం చెప్పాలి, మధ్యవి అదే లెక్క కట్టుకుంటుంది. వినడానికి ఇదే సహజమైన దారిలా ఉంటుంది. చిక్కేమిటంటే సీఓటూ గొట్టం ఒక హద్దు కంటే తక్కువ పవర్‌లో వెలగనే వెలగదు. చాలా గొట్టాలకు ఆ హద్దు సుమారు 10 శాతం దగ్గర ఉంటుంది. కనీస పవర్ అంతకంటే తక్కువ పెడితే నుదుటి మీద, ముక్కు మీద ఉండాల్సిన లేత నీడలన్నీ ఎగిరిపోతాయి. ఇక పై హద్దు దగ్గర చెక్క నల్లబడటం ఆగిపోయి లోతు దిగడం మొదలవుతుంది. అక్కడి నుంచి పవర్ ఎంత పెంచినా నలుపు పెరగదు, గుంట పెరుగుతుంది.

రెండో దారి చుక్కలు. ఫొటోల విషయంలో నేను దీనికే ఓటేస్తాను. ఇది అచ్చు పనిలో పుట్టిన పాత తెలివి. చందమామ చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన తెనాలిలో ప్రెస్సుల కాలం చూసిన పెద్దలకు హాఫ్‌టోన్ బ్లాకు అనే మాట గుర్తుండే ఉంటుంది. ప్రెస్సు దగ్గర ఉన్నది ఒక్క నల్ల ఇంకే. బూడిద రంగు ఇంకు లేదు. అయినా పేపర్లో ఫొటో పడేది. పెద్ద చుక్కలు వేస్తే ముదురుగా, చిన్న చుక్కలు వేస్తే లేతగా కన్ను కలిపి చూసుకుంటుంది. భూతద్దం పెట్టి ఈనాటి దినపత్రికలోని ఏ ఫొటో చూసినా ఆ చుక్కలు కనిపిస్తాయి. లేజర్‌కు కూడా ఒకే పవర్ ఇచ్చి, ఎక్కడ చుక్క పెట్టాలో ఎక్కడ మానాలో చెబితే అదే ఫలితం వస్తుంది. దీన్ని డిథరింగ్ అంటారు.

కంప్యూటర్ ఈ చుక్కలను ఎలా ఎంచుకుంటుందో ఒక్కసారి అంకెలతో చూస్తే మళ్ళీ ఎప్పుడూ గందరగోళం ఉండదు. రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు 1976లో ప్రచురించిన పద్ధతినే ఈనాటికీ ఎక్కువగా వాడుతున్నారు. ఒక చుక్క విలువ 100 అనుకోండి. 128 కంటే తక్కువ కాబట్టి దాన్ని నలుపు చేయాలి, అంటే 0. కానీ అసలు విలువ 100, మనం పెట్టింది 0. ఆ 100 వెలుగు ఎక్కడికి పోయింది? దాన్ని పారేయకుండా ఇరుగుపొరుగు చుక్కలకు పంచుతారు. కుడి పక్క చుక్కకు పదహారింట ఏడు వంతులు, అంటే 43.75. కింద ఎడమ చుక్కకు మూడు వంతులు, 18.75. సరిగ్గా కింద ఉన్నదానికి ఐదు వంతులు, 31.25. కింద కుడి చుక్కకు ఒక వంతు, 6.25. కలిపితే సరిగ్గా 100. ఇప్పుడు కుడి పక్క చుక్క అసలు విలువ కూడా 100 అయితే అది 143.75 అవుతుంది, 128 దాటింది కాబట్టి తెల్లగా వదిలేస్తారు. ఈసారి తెలుపు ఎక్కువైంది కాబట్టి పక్కవాటి నుంచి తగ్గిస్తారు. ఇలా బొమ్మ అంతా నడిస్తే, 100 విలువ ఉన్న చోట నూటికి 61 చుక్కలు మాడతాయి, 39 బోసిగా ఉంటాయి. చేయి చాచినంత దూరం నుంచి చూస్తే అక్కడ నల్ల చుక్కలూ కనిపించవు, తెల్ల చుక్కలూ కనిపించవు. బూడిద రంగు కనిపిస్తుంది.

జార్విస్, స్టుకీ, అట్కిన్సన్ అని మెనూలో కనిపించే పేర్లన్నీ ఇదే పంపకాన్ని వేరే లెక్కల్లో చేసేవి. చెక్క మీద ముఖాలకు జార్విస్ మెత్తగా వస్తుందని నా అభిప్రాయం. గ్రానైట్‌కు, అక్రిలిక్‌కు వేరేది నచ్చవచ్చు. ఒక్క జాగ్రత్త: డిథర్ చేసిన బొమ్మ సైజును తర్వాత మార్చకూడదు. ముందే మిల్లీమీటర్లలో అసలు కొలత ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే చుక్కలుగా మార్చాలి. చుక్కలైన బొమ్మను సాగదీస్తే చీర నేతలో అల్లిక తప్పినట్టు చారలు తేలతాయి. ఫొటోలు సవరించే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లోనే డిథర్ చేసి తెచ్చినట్టయితే లైట్‌బర్న్‌లో పాస్‌త్రూ అనేది ఆన్ చేసి, రెండోసారి చుక్కలు చేయకుండా ఆపాలి.

వరసల మధ్య దూరం సంగతి కొంచెం లెక్కతో కూడినది, కానీ డబ్బులతో ముడిపడినది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. కాబట్టి 254 డీపీఐ, అంటే అంగుళానికి 254 చుక్కలు, పెడితే వరసకీ వరసకీ మధ్య సరిగ్గా 0.1 మిల్లీమీటర్. 200 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న పలక తీసుకోండి. 0.1 దూరంలో 1500 వరసలు. సెకనుకు 300 మిల్లీమీటర్ల వేగంతో ఒక్కో వరసకు, చివర తిరగడానికి పట్టే సమయం కలిపి, 0.9 సెకను అనుకుంటే మొత్తం ఇరవై రెండున్నర నిమిషాలు. "క్వాలిటీ పెరుగుతుంది కదా" అని దూరాన్ని 0.05కి తగ్గిస్తే నలభై ఐదు నిమిషాలు. క్వాలిటీ పెరగదు, తగ్గుతుంది! చుక్క వెడల్పే 0.15 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, వదిలేయాల్సిన తెల్ల చుక్కలను కూడా మాడ్చేస్తాయి. చుక్క ఎంత లావో అంతకు తగ్గ దూరమే పెట్టాలి. అలాగే వరస చివర తల ఆగి తిరిగేటప్పుడు అంచు మాడకుండా ఓవర్‌స్కాన్ అనే అదనపు పరుగు ఇవ్వాలి. అది మరిచిపోతే బొమ్మకు కుడి ఎడమల నల్లటి పట్టీ వస్తుంది.

ఇప్పుడు అసలు విద్యకు వద్దాం. ఏ చెక్క మీద చెక్కబోతున్నారో అదే చెక్క తునక మీద పది మెట్ల పట్టీ ఒకటి చెక్కి చూడండి. జింప్‌లో పక్కపక్కన పది గళ్ళు గీసి, మొదటిదానికి 10 శాతం నలుపు, రెండోదానికి 20 శాతం, ఇలా చివరిదానికి 100 శాతం నింపండి. ఫొటోకు ఏ పవర్, ఏ వేగం, ఏ డిథరింగ్ వాడతారో పట్టీకీ అవే వాడండి. చెక్కాక వెలుతురులో పెట్టి చూస్తే నూటికి తొంభై సార్లు కనిపించేది ఇదే: 70, 80, 90, 100 అన్నీ ఒకేలా నల్లగా కలిసిపోయి ఉంటాయి. 10 దాదాపు కనిపించదు. 30 నుంచి 60 వరకు మాత్రమే తేడాలు స్పష్టంగా ఉంటాయి. అంటే మీ చెక్క, మీ గొట్టం, మీ లెన్సు కలిసి వాడుకోగలిగింది ఆ మధ్య భాగాన్నే.

ఫొటోలో మనిషి ముఖం మొత్తం ఆ మధ్య భాగంలోకి వచ్చేట్టు చేయడమే మిగిలిన పని. జింప్‌లో కలర్స్ మెనూలో కర్వ్స్ అనే కిటికీ ఉంటుంది. మూల నుంచి మూలకు ఒక ఏటవాలు గీత. దాని మధ్యను పట్టుకుని కొంచెం పైకి లాగితే మధ్య నీడలన్నీ తేలికపడతాయి, మాడిపోయే ముదురు నీడల్లో మళ్ళీ తేడాలు పుడతాయి. తెర మీద ఫొటో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. భయపడకండి. చెక్క దానంతట అదే ముదురు చేసుకుంటుంది. ఇంత వెలిసిపోయిన బొమ్మ ఇస్తేనే అంత చక్కని నీడ వస్తుందని నమ్మడానికి రెండు మూడు పలకలు చేయాలి. ఆ తర్వాత పట్టీని మళ్ళీ ఒకసారి, ఈసారి అదే కర్వ్ వేసి చెక్కండి. పది గళ్ళలో ఏడు విడివిడిగా కనిపిస్తే మీరు పని నేర్చుకున్నట్టే.

కర్వ్స్ కంటే ముందు చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఫొటో కావాలంటే వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, ముఖం మీద చదరాలు చదరాలుగా మరకలు పడతాయి, లేజర్ ఆ మరకలను కూడా శ్రద్ధగా చెక్కుతుంది. పాత పాస్‌పోర్టు సైజు ఫొటో అయితే 600 డీపీఐలో స్కాన్ చేయాలి. వెనక గోడ, పరదా, పూల కుండీ తీసేయాలి, అవి చెక్క మీద చెత్తలా కనిపిస్తాయి. గ్రేస్కేల్‌లోకి మార్చాక అన్‌షార్ప్ మాస్క్‌తో కళ్ళు, కనుబొమ్మలు, జుట్టు అంచులు కాస్త గట్టిపరచాలి. తెర మీద మరీ ఎక్కువైందనిపించేంత గట్టిపరచినా చెక్క మీద సరిపోతుంది. స్టూడియోల్లో ఒకప్పుడు నెగెటివ్‌ల మీద, ఆ తర్వాత ఫొటోషాప్‌లో రీటచింగ్ చేసినవాళ్ళకు ఈ కన్ను ముందే ఉంటుంది. అలాంటివాళ్ళు ఈ మూడు ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళు ఈ పనిలోకి రావాలని నాకు గట్టి కోరిక.

నల్ల గ్రానైట్ దగ్గర లెక్క తిరగబడుతుంది. సమాధుల మీద, శిలాఫలకాల మీద బొమ్మలు అడిగేవారు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. చెక్క మీద లేజర్ తగిలిన చోట నల్లబడుతుంది. నున్నగా మెరుగు పెట్టిన నల్లరాతి మీద తగిలిన చోట తెల్లబడుతుంది. కాబట్టి బొమ్మను ఇన్వర్ట్ చేసి, అంటే నెగెటివ్‌గా మార్చి ఇవ్వాలి. మరిచిపోతే తాతగారి తెల్ల జుట్టు నల్లగా, నల్ల కోటు తెల్లగా వస్తుంది. రాయి ఎంపిక కూడా చూసుకోవాలి. చీమకుర్తి గెలాక్సీ రాయి ప్రపంచమంతా పేరున్నది, కానీ దాని అందమంతా మెరిసే బంగారు రవ్వల్లోనే ఉంది. ఆ రవ్వలు ముఖం చుక్కల్లో కలిసిపోతాయి. ముఖచిత్రానికి మచ్చలేని నల్లరాయే మేలు. అక్రిలిక్‌లో క్యాస్ట్ రకం చెక్కితే మంచు పట్టినట్టు తెల్లగా వస్తుంది, ఎక్స్‌ట్రూడెడ్ రకం చెక్కితే దాదాపు పారదర్శకంగానే ఉండిపోతుంది. కొనేటప్పుడే అడగాలి. టేకు అందమైన చెక్కే గాని ముదురు రంగు, పైగా జీరలు, ముఖాలకు పనికిరాదు.

తెనాలి అనగానే శిల్పులు గుర్తొస్తారు. 2021లో పాత ఇనుప సామానుతో 14 అడుగుల ప్రధానమంత్రి విగ్రహం చేసిన సూర్య శిల్పశాల అక్కడిదే. ఇలాంటి శిల్పశాలల్లో పెరిగిన పిల్లలకు లేజర్ పనిలో ఒక పెద్ద ఆధిక్యం ఉంది. ఎందుకంటే గ్రేడియెంట్ చెక్కడంలో రెండో రకం ఒకటుంది: రంగు కోసం కాదు, లోతు కోసం. అక్కడ ముదురు అంటే లోతైన గుంట, తెలుపు అంటే ఎత్తు. ఈ బొమ్మను డెప్త్ మ్యాప్ అంటారు. ఎందరో ఫొటోనే డెప్త్ మ్యాప్ అనుకుని ఇచ్చేస్తారు. ఫొటోలో తెల్ల చొక్కా తెల్లగా ఉంటుంది కాబట్టి అది ముక్కు కంటే ఎత్తుగా వస్తుంది. నల్ల జుట్టు నెత్తిలోకి గుంటగా దిగిపోతుంది. వెలుగుకూ ఎత్తుకూ తేడా చూడగలిగినవాడికే ఈ పని వస్తుంది. మట్టితో బొమ్మ చేసినవాడికి ఆ తేడా వేళ్ళకే తెలుసు. అతను నేర్చుకోవాల్సింది బ్లెండర్ లాంటి ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రూపం మలిచి, దాన్ని పై నుంచి చూసినట్టు ఎత్తుల బొమ్మగా తీయడం. కంప్యూటర్ తెలిసిన కుర్రాడికి శిల్పం నేర్పడం కంటే శిల్పికి కంప్యూటర్ నేర్పడం తక్కువ కాలంలో అవుతుందని నేను నమ్ముతాను.

తెలుగు అక్షరాల సంగతి వేరుగా చెప్పుకోవాలి. డీటీపీ షాపుల్లో ఏళ్ళ తరబడి వాడిన అనూ ఫాంట్లు యూనికోడ్ కావు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చి గుర్తులవుతాయి. యూనికోడ్‌లో రాసినా సరే, షాపుకు ఇచ్చే ముందు అక్షరాలను గీతలుగా మార్చేయాలి. కోరెల్‌డ్రాలో కన్వర్ట్ టు కర్వ్స్, కంట్రోల్ క్యూ. ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్. ఒత్తులు సరైన చోట ఉన్నాయో లేదో మార్చాక ఇంకోసారి చదవాలి. మండలి, సురవరం, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో దొరుకుతాయి. తెనాలి రామకృష్ణ పేరు మీద కూడా ఒకటుంది. పలకలో అక్షరాన్ని రంధ్రంగా కోసేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. "గుంటూరు"లో సున్న చుట్టూ కోస్తే మధ్యలోని బిళ్ళ ఊడి కింద పడుతుంది. సున్న స్థానంలో పెద్ద కన్నం మిగులుతుంది. బిళ్ళను పక్క చెక్కతో కలిపే సన్నటి వంతెన ఒకటి రెండు చోట్ల మనమే గీసి పెట్టుకోవాలి. ఠ, ం లాంటివి వచ్చిన ప్రతి పేరుకూ ఇది తప్పదు.

ప్రమాదాల విషయంలో మొహమాటం వద్దు. పీవీసీ షీటును, రెక్సిన్‌ను లేజర్ కింద పెట్టకూడదు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, మిషన్ లోపలి లోహాన్ని తినేస్తుంది. కస్టమర్ ఎంత బతిమాలినా సరే. నీలి డయోడ్ లేజర్‌కు ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్ళజోడు కావాలి. సీఓటూ కాంతిని ఆపే మామూలు పారదర్శక మూత నీలి కాంతిని ఆపదు. మిషన్ నడుస్తుండగా టీకి వెళ్ళకూడదు, చెక్క అంటుకోవడానికి నిమిషం చాలు. బాపట్ల, రేపల్లె సముద్రానికి దగ్గరి ఊళ్ళు. గాలిలో తేమ వల్ల ప్లైవుడ్ తడిని పీల్చుకుని నిన్న ఇచ్చిన నీడ ఇవాళ ఇవ్వదు. చెక్కను మూసి ఉంచాలి, వానాకాలంలో పట్టీని మళ్ళీ చెక్కి చూసుకోవాలి. గొట్టాన్ని చల్లబరిచే నీళ్ళు ఎండాకాలంలో వేడెక్కితే పవర్ పడిపోతుంది, బొమ్మలో ముందు చెక్కిన సగం ముదురుగా, తర్వాతి సగం లేతగా వస్తుంది. ఉక్కపోత రోజుల్లో నీళ్ళను మరీ చల్లగా పెట్టినా గొట్టం మీద చెమ్మ పడుతుంది.

సాఫ్ట్‌వేర్ ఏది అంటే, గీతలకు ఇంక్‌స్కేప్, నీడలకు జింప్. రెండూ ఉచితం, చట్టబద్ధం, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి. జింప్‌ను 1995లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. ఇంక్‌స్కేప్ 2003లో వచ్చింది. ఇప్పటికే కోరెల్‌డ్రా, ఫొటోషాప్ తెలిసినవారు వాటితోనే సాగవచ్చు, సూత్రం ఒకటే. మిషన్‌ను నడిపించడానికి చిన్న డయోడ్ లేజర్లకు లేజర్‌జీఆర్‌బీఎల్ ఉచితంగా దొరుకుతుంది. లైట్‌బర్న్‌కు డబ్బు కట్టాలి గాని 30 రోజులు ఉచితంగా వాడి చూడనిస్తుంది. చాలా చైనా మిషన్లతో ఆర్‌డీవర్క్స్ ఇస్తారు. వరస ఇలా ఉంటే బాగుంటుంది: ముందు జింప్‌లో కర్వ్స్, డిథరింగ్, తర్వాత ఇంక్‌స్కేప్‌లో గీతలు, తెలుగు అక్షరాలు, ఆ తర్వాతే మిషన్ సాఫ్ట్‌వేర్. చాలామంది దీన్ని తలకిందులుగా నేర్చుకుంటారు. అందుకే ఏళ్ళు గడిచినా ఫొటో రాదు.

ఇలాంటి యంత్రాలను మామూలు జనం చేతికి అందించాలన్న ఆలోచన కొత్తది కాదు. మహారాష్ట్రలో పుణె జిల్లా పాబల్ అనే పల్లెలోని విజ్ఞాన్ ఆశ్రమ్‌లో 2002లోనే ఫ్యాబ్ ల్యాబ్, అంటే ఎవరైనా వచ్చి యంత్రాల మీద పని చేసుకునే వర్క్‌షాపు, పెట్టారు. హైదరాబాద్‌లో అలాంటిదే టీ-వర్క్స్ 2023 మార్చిలో ప్రారంభమైంది. మన మూడు ఊళ్ళ పిల్లలు అంత దూరం వెళ్ళనక్కర లేదు. బాపట్లలో 1981లో పెట్టిన ఇంజినీరింగ్ కళాశాల ఉంది, ఇంజినీరింగ్ డ్రాయింగ్ చదివిన పిల్లలున్నారు. తెనాలిలో శిల్పులున్నారు, అచ్చు పని తెలిసినవారున్నారు. రేపల్లె నుంచి తెనాలికి రైలుంది. వీళ్ళు ఒకరి పని ఒకరు చూసుకునే చోటు ఒకటి కావాలి, కళాశాల వర్క్‌షాపో, మునిసిపల్ లైబ్రరీలో ఒక గదో.

లేజర్ షాపు నడుపుతున్నవారికి ఒక మనవి. మీ దగ్గరున్న ప్రతి రకం చెక్క, రాయి, అక్రిలిక్ మీద పది మెట్ల పట్టీ ఒకటి చెక్కి, పవర్, వేగం, వరసల దూరం వెనక రాసి, గోడకు తగిలించండి. ఫొటో తెచ్చినవారికి పట్టీ చూపించి మాట్లాడండి. పని లేని మధ్యాహ్నాల్లో నేర్చుకోవాలని వచ్చిన కుర్రవాళ్ళకు తునకల మీద చెక్కుకోనివ్వండి. నేర్చుకునేవారు మాత్రం షాపుకు వెళ్ళే ముందే ఇంట్లో జింప్ పెట్టుకుని, మీ ఇంట్లో పెద్దవారి ఫొటో ఒకటి తీసుకుని, కర్వ్ లాగి, చుక్కలుగా మార్చి, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళండి.